పన్ను లేని ఆ మూడు రోజుల కోసం ఎన్ని కొనకుండా ఆపాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మేము హైదరాబాదు నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి రెండేళ్లయింది. బాబు ఏడో తరగతిలోకి, పాప మూడో తరగతిలోకి వస్తున్నారు. ఇద్దరికీ కలిపి బూట్లకు 130 డాలర్లు, బట్టలకు 240, స్కూలు బ్యాగులకు 80, లంచ్ బాక్సులకు 30, పుస్తకాలూ పెన్సిళ్ల వంటి వాటికి 90 అవుతాయని లెక్క వేసుకున్నాను. ఆగస్టులో మూడు రోజులు సేల్స్ టాక్స్ ఉండదు కాబట్టి అప్పటిదాకా ఏదీ కొనవద్దని పక్కింటి ఆవిడ అంటున్నారు. బాబుకి లాప్‌టాప్ కూడా అప్పుడే తీసుకుందామని మావారు పట్టుబడుతున్నారు. కానీ పోయిన ఏడాది ఆ మూడు రోజుల్లోనే ఆన్‌లైన్‌లో 94 డాలర్ల బూట్లు కొంటే పన్ను వేశారు. మోసం జరిగిందని నా అనుమానం. వీసా మీద ఉన్నవాళ్లకు ఈ మినహాయింపు వర్తించదా? జూలైలో మా అత్తయ్యగారు విజయవాడ నుంచి వస్తున్నారు. నోటు పుస్తకాలన్నీ ఆవిడ చేత తెప్పించుకుంటే ఇంకా చవక కాదా? - ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం: అమ్మా, ముందు మీ ఇంట్లో తగవు తీరుస్తాను. టెక్సస్‌లో ఆ మూడు రోజులూ లాప్‌టాప్ మీద పన్ను పడుతుంది. కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, పాఠ్యపుస్తకాలు మినహాయింపులో లేవు. కాబట్టి మీవారు ఆగస్టు దాకా ఆగనక్కరలేదు. ఎప్పుడు మంచి ధర కనిపిస్తే అప్పుడే కొనేయవచ్చు. మిజోరీలోనో టెనెసీలోనో ఉన్న స్నేహితులెవరో 1,500 డాలర్ల లోపు కంప్యూటర్‌ని పన్ను లేకుండా కొన్నామని చెప్పి ఉంటారు. అది ఆ రాష్ట్రాల చట్టం, మనకు పనికిరాదు. అక్కడ కొని ఇక్కడికి తెచ్చుకుందామన్న ఆలోచన వస్తే, బయట పన్ను కట్టకుండా తెచ్చి ఇక్కడ వాడే వస్తువు మీద టెక్సస్‌కి యూజ్ టాక్స్ కట్టాలని కూడా గుర్తుంచుకోండి.

ఇక మీ లెక్క. మొత్తం 570 డాలర్లు. మీ ఊళ్లో రాష్ట్రానికి 6.25, స్థానికంగా 2 కలిపి పన్ను 8.25 శాతం. ఆ మూడు రోజుల్లో ఈ రెండూ పోతాయి. అంటే మీకు మిగిలేది 47 డాలర్లు. నెలకు సరిపడా బియ్యం, కందిపప్పు వచ్చే డబ్బు, తీసిపారేయవలసింది కాదు. అలాగని దాని కోసం నెల రోజులు చేతులు కట్టుకుని కూర్చోవలసినంత పెద్దదీ కాదు. అందుకే పక్కింటావిడ చెప్పినదాంట్లో సగమే నిజమంటున్నాను.

ఆ 47 ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. బూట్లు, బట్టలు, బ్యాగులు కలిపి 450 డాలర్లు, వాటి మీదే 37 డాలర్ల పన్ను. లంచ్ బాక్సుల మీద రెండున్నర. 90 డాలర్ల పుస్తకాలూ పెన్సిళ్ల మీద ఏడున్నర లోపే. కాబట్టి బూట్లూ బట్టల వంటి వాటికీ, పెన్సిళ్ల వంటి చిల్లర సామానుకూ ఒకే పద్ధతి కుదరదు.

జూలైలో పెద్ద దుకాణాలన్నీ జనాన్ని లోపలికి రప్పించడానికి క్రేయాన్లు, నోటు పుస్తకాలు, జిగురు సీసాలు దాదాపు నష్టానికే అమ్ముతాయి. యాభై సెంట్లకు 24 రంగుల క్రేయాన్ల పెట్టె దొరికిన రోజున దాని మీద పన్ను నాలుగు సెంట్లు. ఆ నాలుగు సెంట్ల కోసం ఆగస్టు దాకా ఆగితే, అప్పటికి పెట్టె డాలరుకు ఎక్కి కూర్చుంటుంది, లేదా దుకాణంలో అది పెట్టే అరే ఖాళీగా ఉంటుంది. బడి ఇచ్చిన జాబితాలోని చిల్లర సామానంతా జూలైలో చవక కనిపించినప్పుడల్లా తీసుకుని ఒక అట్టపెట్టెలో పడేయండి. బడి తెరిచిన రెండు మూడు వారాలకు మిగిలిన సరుకును సగం ధరకో ఇంకా తక్కువకో వదిలించుకుంటారు. జనవరిలో అయిపోయే పెన్సిళ్లు, కాగితాలు అప్పుడు కొనుక్కోండి. ఆ పూట పన్ను కడతారు, అయినా లాభమే.

ఆపవలసినవి బూట్లు, బట్టలు, బ్యాగులు. ఇక్కడే వంద డాలర్ల గీత వస్తుంది. మీ పోయినేటి చిక్కు కూడా దానిలోదే.

నియమం చిన్నదే: వస్తువు ధర వంద డాలర్లకు లోపు ఉండాలి. వంద వరకు కాదు, వందకు లోపు. 99.99 చీటీ ఉన్న బూట్లకు పన్ను లేదు. పక్క అరలో సరిగ్గా 100 చీటీతో ఉన్నవాటికి పూర్తిగా పన్ను పడుతుంది, అంటే ఎనిమిది డాలర్ల పాతిక సెంట్లు. వంద దాటిన ఆ కాస్తకే కదా వేస్తారనుకుంటారు చాలామంది. కాదు, మొత్తానికి వేస్తారు. అయితే ఈ వంద ఒక్కో వస్తువుకే గానీ బిల్లుకు కాదు. తొంభై డాలర్ల చొప్పున అయిదు జతలు కొని 450 డాలర్ల బిల్లు చేసినా పన్ను సున్నా.

మీ 94 డాలర్ల బూట్ల రశీదు ఉంటే తీసి చూడండి. కింద షిప్పింగ్ ఖర్చు అని ఒక పంక్తి ఉండే ఉంటుంది. టెక్సస్‌లో పంపిణీ ఖర్చు కూడా వస్తువు ధరలో భాగమే. ఏడు డాలర్లు వేసి ఉంటే ధర 101 అయిందన్నమాట. గీత దాటింది, 8 డాలర్ల 33 సెంట్లు పడ్డాయి. ఎవరూ మోసం చేయలేదు, చట్టమే అలా ఉంది. ఈసారి అటువంటివి ఆన్‌లైన్‌లో బుక్ చేసినా దుకాణానికి వెళ్లి తెచ్చుకోండి, లేదా ఉచితంగా పంపేవాళ్ల దగ్గర కొనండి. ఒకవేళ మీ రశీదులో షిప్పింగ్ సున్నా అని ఉండి కూడా పన్ను వేసి ఉంటే అది వాళ్ల పొరపాటే. రశీదు చూపించి ఆ పన్ను వెనక్కి ఇవ్వమని దుకాణాన్ని అడిగే హక్కు మీకుంది.

ఇదే గీత మీకు లాభంగా కూడా పనిచేస్తుంది. దుకాణం ఇచ్చే తగ్గింపు, కూపన్ పోగా మిగిలిన ధరనే చూస్తారు. 120 డాలర్ల బూట్లకు ఇరవై శాతం తగ్గింపు ఉంటే 96 అవుతుంది, పన్ను పోతుంది. కాబట్టి కూపన్లు ఏవైనా ఉంటే వంద దాటిన వస్తువు మీద వాడి దాన్ని గీత కిందికి దించండి. నలభై డాలర్ల చొక్కా మీద ఇప్పుడే వాడేయకండి. కానీ ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న బోర్డుతో జాగ్రత్త. 120 డాలర్ల జత కొంటే రెండోది ఉచితం అన్నప్పుడు జత అరవయ్యే పడింది కదా అని వాదించడానికి లేదు. సగటు తీయరు, మొదటి జత మీద పన్ను వేస్తారు.

వారాంతంలో కొన్న బూట్లు సరిపోకపోతే భయపడకండి. అవే బూట్లు తర్వాతి వారం వేరే సైజులోకి మార్చుకుంటే కొత్తగా పన్ను వేయరు. వాటిని వాపసు ఇచ్చేసి పూర్తిగా వేరే వస్తువు కొంటే మాత్రం పన్ను పడుతుంది. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ శనివారం మధ్యాహ్నానికి పిల్లల బూట్ల అరలో నడుమ సైజులన్నీ ఖాళీ అయిపోతాయి. బాబు కాలు ఇప్పుడే కొలిచి ఉంచుకోండి, శుక్రవారం పొద్దున్నే వెళ్లండి. మీ వైపు బడులు ఆగస్టు రెండో వారంలోనే తెరుస్తారు. ఆదివారం సాయంత్రం దాకా సాగదీస్తే ఇక వెతుక్కోవడానికి రోజులుండవు.

తేదీలు ఏటా మారుతుంటాయి. 2023లో ఆగస్టు 11 నుంచి 13, 2024లో 9 నుంచి 11, 2025లో 8 నుంచి 10. ఎప్పుడూ శుక్రవారం నుంచి ఆదివారమే. రాష్ట్ర పన్నులు వసూలు చేసే టెక్సస్ కంప్ట్రోలర్ కార్యాలయం ముందుగానే తేదీలతో పాటు ఏ వస్తువుకు పన్ను ఉంది, ఏ వస్తువుకు లేదు అన్న పెద్ద జాబితా కూడా పెడుతుంది. వెళ్లే ముందు ఒకసారి చూడండి. అందులో కొన్ని నవ్వు తెప్పిస్తాయి. ఈత దుస్తులకు, టెన్నిస్ బూట్లకు పన్ను లేదు. గోల్ఫ్ బూట్లకు, కింద మేకులుండే ఆట బూట్లకు ఉంది. మీవాడు మీ ఊళ్లోని సగం మంది తెలుగు పిల్లల్లాగా క్రికెట్ కోచింగ్‌కి వెళుతుంటే ప్యాడ్‌లూ గ్లోవ్స్ వంటివి ఈ లెక్కలోకి రావని ముందే అనుకోండి. చక్రాలున్నా వీపుకు తగిలించుకోగలిగిన స్కూలు బ్యాగుకు మినహాయింపు ఉంది, చక్రాల సూట్‌కేసుకు లేదు. లంచ్ బాక్సుకు ఉంది, గొడుగుకూ చేతి గడియారానికీ లేదు. టీచర్ల జాబితాలో ఎప్పుడూ ఉండే టిష్యూ డబ్బాలు కూడా ఇందులోకి రావు. క్యాలిక్యులేటర్‌కు ఉంది గానీ అదీ వంద లోపే. ఏడో తరగతికి ఇరవై ముప్పై డాలర్ల మామూలుది చాలు. గ్రాఫులు గీసే ఖరీదైనది పై తరగతిలో అడుగుతారు, అప్పుడు సీనియర్ల దగ్గర పాతది తీసుకోండి.

వీసా గురించి అడిగారు. ఈ మినహాయింపు వస్తువుకు, మనిషికి కాదు. ఎవరూ గుర్తింపు కార్డు అడగరు, ఫారం నింపనక్కరలేదు, బిల్లులో దానంతట అదే పన్ను సున్నా అని వస్తుంది. పిల్లల బట్టలే కావాలని కూడా లేదు. మీవారి ఆఫీసు చొక్కాలు, మీ చెప్పులు, అన్నీ వస్తాయి. ఆగస్టులో ఎమ్మెస్ చదువులకు రెండు సూట్‌కేసులతో దిగే మన పిల్లలెవరైనా మీ ఇంట్లో వారం రోజులు ఉంటే, వాళ్లనూ ఆ శుక్రవారం వెంటబెట్టుకెళ్లండి. చలికి జాకెట్టు, నడవడానికి మంచి బూట్లు వాళ్లకు ఎలాగూ కావాలి.

ఇంకో సంగతి, మన దుకాణాలకూ ఇది వర్తిస్తుంది. 2025లో మొదటి రోజు, అంటే ఆగస్టు 8 శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం కూడా అయింది. వంద డాలర్ల లోపు చీర, పాపకు లెహంగా, ఇవన్నీ బట్టల కిందికే వస్తాయి. గజాల లెక్కన కొనే గుడ్డకు, లైనింగుకు, దారానికి, కుట్టుకూలికి మాత్రం పన్ను తప్పదు. గాజులు, గిల్టు హారాలు నగల కింద లెక్క, వాటికీ మినహాయింపు లేదు. శ్రావణమాసం కొనుగోళ్లు ఎలాగూ ఉన్నాయనుకుంటే వాటిని కూడా ఈ వారాంతానికి కలుపుకోండి. లేవనుకుంటే మాత్రం ఈ పేరా చదవలేదనుకోండి.

ఎందుకలా అంటున్నానంటే, నా అనుభవం చెబుతాను. మా పెద్దవాడు మూడో తరగతిలోకి వచ్చిన ఏడాది, చేతిలో జాబితా లేకుండా ఆ శనివారం దుకాణానికి వెళ్లాను. ఎక్కడ చూసినా ‘పన్ను లేదు’ అన్న బోర్డులే. వాడికి అప్పటికి కావలసినవి కాక, వచ్చే ఏడాదికి పనికొస్తాయని ఒక సైజు పెద్ద బూట్లు ఇంకో జత తీసుకున్నాను. 55 డాలర్లు. ఏడాది తిరిగేసరికి వాడి కాలు ఒకటి కాదు, రెండు సైజులు పెరిగింది. పెట్టె విప్పి కాలు దూర్చబోతే మడమ బయటే ఉండిపోయింది. ఆ రోజు నేను మిగుల్చుకున్న పన్నంతా కలిపినా ఆ పెట్టె ఖరీదు చేయదు. చివరికి ఆ జత పక్క వీధి పిల్లవాడికి వెళ్లింది.

మనదేశంలో వస్తువు మీద ముద్రించే ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, అక్కడ పన్ను సంగతి మనకు తట్టదు. ఇక్కడ చీటీ మీద ఒక ధర, బిల్లు మీద ఇంకో ధర. కొత్తగా వచ్చిన రోజుల్లో తొంభై తొమ్మిది సెంట్ల వస్తువుకు డాలరు నోటిచ్చి చాలలేదని తలదించుకున్నవాళ్లం మనం. అందుకే ‘పన్ను లేదు’ అంటే మనకు పాత బాకీ తీరినంత ఆనందం. అదే దుకాణం అదే చోట ‘ఎనిమిది శాతం తగ్గింపు’ అని బోర్డు పెడితే తలెత్తి కూడా చూడం. మామూలు వారాల్లోనే ఇరవై, ముప్పై శాతం తగ్గింపులు వస్తూ పోతూ ఉంటాయి కదా. జూలైలో మీవాడికి నచ్చిన బూట్లే పాతిక శాతం తగ్గింపులో కనిపిస్తే పన్ను కట్టి కొనేయండి. ఆగస్టులో పన్ను లేకుండా పూర్తి ధరకు కొనడం కంటే అదే చవక.

ఈ పన్ను సెలవులు మంచి విధానం కాదనే ఆర్థికవేత్తలు చాలామందే ఉన్నారు. జనం కొత్తగా ఎక్కువ కొనేదేమీ లేదు, కొనే రోజునే మార్చుకుంటారు, అంతకంటే పన్ను రేటే కాస్త తగ్గిస్తే మేలు కదా అన్నది వాళ్ల వాదన. నాకూ అందులో న్యాయం కనిపిస్తుంది. 1997 జనవరిలో న్యూయార్క్ బట్టల మీద ఇలాంటి వారం పెట్టడానికి కారణం, జనం బట్టలకు పన్ను లేని పక్క రాష్ట్రం న్యూజెర్సీకి వెళ్లి కొనుక్కోవడం. టెక్సస్ 1999లో మొదలుపెట్టింది. జార్జియా 2016 తర్వాత మానేసింది, నార్త్ కరోలినా అంతకు ముందే ఎత్తేసింది. కాబట్టి అట్లాంటా, షార్లెట్ పాఠకులు ఇది చదివి ఆగస్టు కోసం ఎదురుచూడవద్దు. ఫ్లోరిడా వాళ్లు అదృష్టవంతులు. 2025లో చేసిన చట్టంతో ఏటా ఆగస్టు నెలంతా వాళ్లకు మినహాయింపే, 1,500 డాలర్ల వరకు కంప్యూటర్లతో సహా. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నవాళ్లకు బట్టల మీద ఏడాది పొడవునా పన్ను లేదు, వాళ్లకు మన హడావుడి వింతగా ఉంటుంది. కాలిఫోర్నియాలో అసలు ఇలాంటి రోజే లేదు.

ఇక అత్తయ్యగారి సూట్‌కేసు. 2025 సెప్టెంబరు 22 నుంచి మన దగ్గర నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. విజయవాడలో అవి చవకే, కాదనను. అయినా తెప్పించవద్దు. అక్కడి ఏ-ఫోర్ కాగితం ఇక్కడి కాగితం కంటే సుమారు ముప్పాతిక అంగుళం పొడుగు. ఇక్కడి ఫోల్డరులో పెడితే అంచు పైకి పొడుచుకు వచ్చి వారం రోజుల్లో చెవులు మడిచిన కుందేలు పిల్లలా తయారవుతుంది. మూడు రింగుల బైండరుకు కావలసిన చిల్లులూ వాటికి ఉండవు. టీచరు వెడల్పు గీతల కాంపోజిషన్ పుస్తకం అని రాస్తే అదే తేవాలి, లేదంటే పాప తరగతిలో బిక్కమొహం వేస్తుంది. పైగా పుస్తకాలు బరువు. సూట్‌కేసుకు 23 కిలోలలో పది పన్నెండు పుస్తకాలకే మూడు నాలుగు కిలోలు పోతే ఆవకాయ సీసాకు చోటెక్కడిది?

ఆవిడ చేత చేయించవలసింది వేరే ఉంది. పాపకు వరలక్ష్మీ వ్రతానికి పట్టు పావడా ఎలాగూ కావాలి కదా. ఇక్కడ కుట్టించిన ధర మీకు తెలుసు, అక్కడ కుట్టుకూలి ఎంతో ఆవిడకు తెలుసు. జూలై అంటే ఎక్కువ వ్యవధి లేదు, పాప కొలతలు తీసి ఈ వారమే పంపండి. నడుము దగ్గర రెండు కుట్లు అదనంగా వేయమని, కింద అంచు లోపల మూడంగుళాల మడత వదలమని దర్జీకి గట్టిగా చెప్పమనండి. వచ్చే శ్రావణానికి ఆ మడత విప్పుకోవచ్చు.